ఆదివారం వచ్చే ఓడకు

నేయాఫు, మంగళవారం

మార్గిట్ గారూ,
ఉత్తరం అందింది. మీ ఓడ మా రేవుకి
ఆదివారమే వస్తోందన్నమాట.
ఎనిమిదింటికి లంగరు, నాలుగింటికి కూత.
మధ్యలో ఎనిమిది గంటలు. వాటిని
ముక్కలు కోసి పళ్ళెంలో సర్దిపెట్టమంటున్నారు.

మీ జాబితా చూశాను.
తిమింగలాల పడవకి సెలవు.
గుహలో ఈతకి సెలవు.
వెనిలా తోట ఆసామి ఆ పూట
మా పాటల వరుసలో అందరికన్నా లోతు గొంతు.
సంతలో బల్లలన్నీ ఖాళీ. ఒకదాని మీద
కుక్క పడుకుని ఉంటుంది.
దాని పేరు మోనిటే. అంటే మా భాషలో సోమవారం.

నా వ్యాను సంగతి అడిగారు. ఉంది.
తొమ్మిది సీట్లు, ఏసీ సగం పనిచేస్తుంది.
ఆదివారం మాత్రం సీమపనస చెట్టు కింద
టార్పాలిన్ కప్పుకుని కదలనంటుంది.

రెట్టింపు ఇస్తానన్నారు. దాచడమెందుకు,
అవసరం ఉంది. వెనక టైర్లు రెండూ
గుండు కొట్టించుకున్నట్టున్నాయి.
మూడేళ్ళ కిందట ఇలాగే ఒకసారి ఒప్పుకున్నాను.
ఇద్దరు ముసలివాళ్ళు, మంచివాళ్ళే,
ఉత్తరపు ఒడ్డు చూపించమన్నారు.
మా చర్చి పక్కనుంచే దారి.
కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.
లోపల పాట లేచింది.

వాయిద్యాలుండవు మాకు, గొంతులే.
మగవాళ్ళవి నేలలోంచి, పిల్లలవి పైకప్పు మీంచి,
నాలుగో బల్ల దగ్గర ఆడవాళ్ళం
ఆ రెంటినీ కలిపి కుడతాం.
ఆ రోజు కుట్టు ఒకచోట ఊడింది.
ఎవరూ గమనించి ఉండరు.
నేను విన్నాను, స్టీరింగు పట్టుకుని, రెండో గేరులో.
సరిగ్గా నా గొంతంత ఖాళీ
కిటికీ దిగి బయటికి వచ్చి
వ్యాను పక్కన కాసేపు నడిచింది.
వెనక సీట్లో పెద్దాయన
"ఎంత బాగా పాడుతున్నారో" అన్నాడు.

ఆ డబ్బుతో పంపు బాగుచేయించాను.
నీళ్ళు బాగానే వస్తున్నాయి.

సరే, మీ ఎనిమిది గంటలు.
రొట్టె కొనుక్కోవాలన్నారు. ఆదివారం తెరిచేది
బేకరీ ఒక్కటే, అదీ సాయంత్రం,
మీ ఓడ వెళ్ళిపోయాక.
కాబట్టి రేవు దిగి, నల్ల బట్టల మీద
నడుముకి చాప చుట్టుకున్న మనుషులు
ఎటు పోతుంటే అటు పొండి.
భుజాలు కప్పుకోండి. మీవారిని టోపీ తీయమనండి.
ఫోటోలు వద్దు. వెనక బల్ల ఖాళీగానే ఉంటుంది.
ప్రసంగం మీకు అర్థం కాదు. సగం నాకూ కాదు,
పాస్టర్ టానియేలా ముక్కుతో మాట్లాడతాడు.
పాట మొదలయ్యాక నోరు తెరవాలనిపిస్తే
తెరవండి. మాటలక్కర్లేదు.

తరవాత మా ఇల్లు. నీలం రేకులది, వంపులో రెండోది.
చీకటుండగానే మా మరిది సెమిసి
గోతిలో రాళ్ళు కాల్చి, గొర్రెమాంసం, కొబ్బరిపాలు
చేమాకుల్లో పొట్లాలు కట్టి పూడ్చేస్తాడు.
మనం పాడినంతసేపూ అది మట్టికింద ఉడుకుతుంది.
ఎంతివ్వాలని మాత్రం అడక్కండి,
మా అత్తగారు నొచ్చుకుంటారు.

ఇంకొకటి. మీ కాగితంలో ఇది లేదు, రాసుకోండి:
ఒంటిగంట నుంచి మూడు దాకా, నిద్ర.
దీవంతా పడుకుంటుంది, కోళ్ళతో సహా.
మీకో చాప పరుస్తాను.
ఇంత దూరం సముద్రం మీద వచ్చి
పగటిపూట పడుకోవడమేమిటంటారేమో.
పడుకున్నాక అనండి.

మూడున్నరకి లేపుతాను. రేవుదాకా నడకే.
వ్యాను పక్కనుంచే వెళతాం.
టార్పాలిన్ ఎత్తకండి.
టైర్లు చూస్తే మళ్ళీ పర్సు తీస్తారు మీరు,
నేనేమో వద్దనడంలో అంత గట్టిదాన్ని కాను.

ఉంటాను,
లోసాలినే

తా.క. భోజనంలో ఒక ఎముక మిగల్చండి.
మోనిటే మీకోసం చూస్తుంటుంది.