మూడో పేజీలో గాలి

మంగళవారం సాయంత్రానికి ఉత్తరాలు వస్తాయి.
ఉప్పుగాలికి మెత్తబడ్డవి,
చేపలు చుట్టిన కాగితం వెనక రాసినవి,
ఒకటి ఎప్పుడూ ఎర్ర సిరాతో.
అది రొట్టెల ఒలెగారియోది.
ఎర్ర సిరా ఎందుకయ్యా అంటే
నల్లది అయిపోయిందంటాడు, పదకొండేళ్లుగా.

అజోర్స్‌లో మా దీవి పత్రికకు నాలుగు పేజీలు.
మొదటిది పడవల రాకపోకలకు,
రెండోది పోయినవాళ్లకు,
నాలుగోది ద్రాక్షసారా ధరలకు.
మూడోది తగువులకు.
ఆ మూడోది నాది.

సీసపు అక్షరాల్ని తలకిందులుగా చదివీ చదివీ
మనుషుల్ని నిటారుగా చూడ్డం మర్చిపోయావు దెయొలిందా,
అని ఎడిటర్ సిల్వేరియో వేళాకోళం.
కావచ్చు.

ఎవరి మాట పైన? ఎవరిది కింద?
పైన పెడితే గెలిచామనుకుంటారు.
కిందున్నవాడిదే చివరి మాటని
ఇన్నేళ్లలో ఒక్కడికీ తట్టలేదు.
జవాబుని రెండక్షరాల మేర లోపలికి జరిపేదాన్ని,
జవాబుకి జవాబుని ఇంకాస్త లోపలికి.
ఆరో జవాబుకల్లా కాలమ్ చిక్కిపోయి
వరసకి ఒక్క మాటే పట్టేది:
నువ్వు
కాదు
నువ్వే

ఆ పద్ధతి మానేశాను.
పక్కపక్కన నిలబెట్టి, మధ్యలో ఇత్తడి గీత.

మా నాన్న ద్రాక్షతీగల చుట్టూ
నల్లరాతి గోడలు పేర్చేవాడు.
సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి.
చిన్నప్పుడు నేను సందుల్లో గులకరాళ్లు దూర్చబోతే
చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.
గాలిని పూర్తిగా ఆపిన గోడ
మొదటి తుపానుకే పడుతుందే, పిచ్చిదానా.

ఆ శీతాకాలం తగువు రేవు దీపం గురించి.
రాత్రంతా వెలగాలంటుంది వలలు అల్లే బెల్మీరా.
ఆర్పెయ్యమంటాడు ఒలెగారియో,
రెండింటికి లేచి పిండి పిసికేవాడు, పొద్దుగూకకుండానే పడుకునేవాడు.
తొమ్మిది వారాలు.
పదో వారం, అచ్చుకెక్కించే రాత్రి,
ఇత్తడి గీత నా చేతుల్లోనే వంగి విరిగింది.
ఇంకోటి లేదు.
సన్నటి ఖాళీ ఒకటి వదిలి
దేవుడిమీద భారం వేశాను.

పొద్దున సారాకొట్లో ముసలి జెఫెరీనో
కళ్లద్దాలు మర్చిపోయి
రెండు ఉత్తరాల్నీ ఒకటనుకుని
అడ్డంగా, బిగ్గరగా చదివాడు:

దీపం ఆర్పితే మా పడవ   రాత్రంతా నన్ను నిద్రపోనివ్వదు
రాళ్ల మధ్య దారి తప్పి   నా కిటికీలోకి వస్తుంది
ఆకలితో వచ్చే తమ్ముడికి   తెల్లారేసరికి రొట్టె కావాలి

ముందు నవ్వారట.
తర్వాత ఎవరో, ఇంకోసారి చదవమన్నారట.
ఆ రెండోసారి ఎవరూ నవ్వలేదట.

పిండి చేతుల్తోనే అచ్చాఫీసుకొచ్చాడు ఒలెగారియో.
నా మాట తీసుకెళ్లి ఎవరి నోట్లో పెట్టావ్?
నా దగ్గర జవాబు లేదు.
విరిగిన గీత చూపించాను.
తిప్పి తిప్పి చూసి, జేబులో వేసుకుపోయాడు.
దాంతో ఏం పనో అతనికి.

మరుసటి వారం ఎర్ర సిరా లేదు. ఆ పైవారమూ లేదు.
రేవు దీపానికి రొట్టెలకొట్టు వైపు
ఎవరో రేకుముక్క ఒకటి బిగించారు.
ఎవరు, ఎప్పుడు?
ఆ సంగతి ఏ పేజీకీ రాలేదు.

కొత్త గీత లిస్బన్ నుంచి ఓడలో వచ్చింది.
పెట్టాను, రెండు వరసల మేర పొట్టి చేసి.
అడుగున ఆ కాస్త సందేమిటని సిల్వేరియో అడిగితే
కొలత తప్పానన్నాను.

నిన్న మంగళవారం.
అడుగున, తడిసి, ఎర్రగా ఒక ఉత్తరం.
ఆ రేకు గాలికి టకటకలాడుతోందట,
కన్ను మూతపడటం లేదట.
దీనికి ఎవరు బాధ్యులో
బెల్మీరాగారు సెలవివ్వాలట.

గారు అన్నమాట తొలిసారి.
దానికోసం పెద్దక్షరాల అర తెరిచి
కాసేపు ఆలోచించి
మూసేశాను.