ఏ గడిలో

మొంబాసాలో ఏప్రిల్ వాన
మా ఆఫీసు రేకుల మీద మొదలైందంటే
కౌంటర్ అవతలి మాట నాకు వినపడదు.
అందుకే కోంబో మ్వాచిరో
కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు:
'శుభ్రపరిచే సేవలు.'
ఇది కొట్టెయ్యమ్మా, అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో
వ్యాపారాలకు అంకెలు వేస్తున్నాను.
ఓడను తాడుతో కట్టేవాడికి ఒకటి,
ఓడలోంచి దించేవాడికి ఇంకొకటి,
దించింది దాచేవాడికి మరొకటి.
రేవులో ఎవరూ ఇంత విడివిడిగా నిలబడరని తెలుసు.
అయినా అంకె ఉండాలి.
బీమా దాన్ని బట్టే, తనిఖీ దాన్ని బట్టే,
ఏ తలకి హెల్మెట్ కావాలో తేలేదీ దాన్ని బట్టే.

గడి మార్చమని వచ్చేవాళ్లు
ఎప్పుడూ చవకదానికే మార్చమంటారు.
పొద్దంతా రాగి పలకలకు గొలుసులు బిగించిన చేతులు
'ఆఫీసు పని' అని రాసి సంతకం పెడతాయి.
నేను కళ్లద్దాలు తుడుచుకుని
మళ్లీ చదివి వెనక్కి పంపిస్తాను.
ఇతను మాత్రం
ఖరీదైన గడి అడుగుతున్నాడు.

ఏం చేస్తారు మీరు, సరిగ్గా చెప్పండి.

గోధుమ ఓడ వస్తుందమ్మా.
క్రేను తవ్వుకుపోయాక మూలల్లో మిగిలింది మాది.
పదకొండు మందిమి. పారలు, చీపుళ్లు.
చిరిగిన బస్తాకి కుట్టు వేస్తాం,
తడిసిన గింజని వాసన పట్టి వేరుచేస్తాం,
కొక్కెం ఊడితే తగిలిస్తాం.

కొక్కెం తగిలించడం మీ పనా?

పని కాదు.
పక్కనే ఉంటాం కదా.

పక్కనే ఉండడానికి
నా పుస్తకంలో అంకె లేదు.

అప్పుడు చెప్పాడు చెంగో సంగతి,
వాన కంటే నెమ్మదిగా.
సగం పెదాలను చూసి పోల్చుకున్నాను.
మూడో గోదాము, రాత్రి షిఫ్టు,
ఇనప నిచ్చెన మీద పిండిలా గోధుమ దుమ్ము.
ముందు కాలు, తర్వాత నడుము.
బీమావాళ్లు మర్యాదగానే రాశారు:
శుభ్రం చేసే మనిషికి
ఓడ కడుపులో నిచ్చెన మీద ఏం పని?

ఆ ఉత్తరానికి గుచ్చిన పాత ఫారం కూడా ఉంది.
నీలం ముద్ర, కుడివైపుకు ఒరిగి.
అలా ఒరిగే ముద్ర
ఈ ఆఫీసులో నాదొక్కటే.
అతనికి తెలుసో లేదో. అడగలేదు.

మా అమ్మమ్మ కాలంలో
ఈ గడులన్నిటికీ కలిపి ఒకే మాట, కులి.
ఆ మాట కూడా ఓడలోనే వచ్చిందంటారు
సముద్రం అవతలి ఒడ్డు నుంచి.
ఎవరు దించారో దాన్ని,
ఏ పద్దులో రాసుకున్నారో.

రేటు నాలుగింతలవుతుంది, అన్నాను.
తెలుసు.
బూట్లు కొనాలి, శిక్షణ రిజిస్టరు పెట్టాలి,
ఆరు నెలలకోసారి నిచ్చెన చూపించాలి.
తెలుసు.
ఇది వెనకటి తేదీకి చెల్లదు.
కాసేపు వాన విన్నాడు.
తెలుసమ్మా, అన్నాడు.

పదకొండు పేర్లు రాసిచ్చాడు. మొదటిది చెంగోది.
ఇతను పనిలో ఉన్నాడా?
కూర్చుని బస్తాలు కుడతాడు.
బస్తాలు కుట్టడానికి వేరే అంకె ఉంది, తక్కువ రేటు,
విడిగా రాస్తే మీకే కలిసొస్తుంది...
విడిగా వద్దు.

మడతలు తడిసిన నోట్లు లెక్కపెట్టాడు.
'శుభ్రపరిచే' మీద అడ్డంగా గీత గీసి
పైన రాశాను: ఓడ సరుకు దింపుడు, ఎక్కింపుడు.
ఈసారి నిటారుగా పడాలని
రెండు చేతులా పట్టుకుని నొక్కాను ముద్రని.

కొంచెం కుడికే ఒరిగింది.