తిరిగినన్నాళ్ళు

నర్సాపురం రేవులో, పంటు టిక్కెట్ల కిటికీకి ఎదురుగా
నా కొట్టు. మూడడుగుల బల్ల, ఒక ట్యూబులైటు,
గోడకి వేలాడే ఛార్జర్ల గుత్తులు.
ఆ మధ్యాహ్నం గోదారి పోటు మీదుంది.
సువార్తమ్మ కొంగు ముడి విప్పుతుంటే
డబ్బులు తీస్తుందనుకున్నాను.
అరచేతిలో పెట్టింది
సబ్బుబిళ్ళంత పాటల పెట్టె.

ముందు తెలుపు, మధ్యలో గుండ్రటి చక్రం,
వెనక అద్దంలాంటి రేకు.
రేకు నిండా గీతలు, గీతల కింద
అరబ్బీలో చెక్కిన ఒక పేరు.
"కువైట్‌లో నే పెంచిన పిల్లదిలే.
నేనొచ్చేసేనాడు నా బ్యాగులో పడేసింది.
పదకొండేళ్ళు పాడింది.
మొన్నట్నుంచి బల్లిలా టిక్కుటిక్కుమంటాది,
పాట మాత్రం రాదు."

చెవి దగ్గర పెట్టుకున్నాను.
నిజమే, బల్లే. లోపల డిస్కు పోతోంది.
మా అమ్మయితే ఆ చప్పుడుకి
వేలితో నేల తట్టి సత్యం అనేది.

నా పనిముట్లేవీ ఆ సందులో దూరలేదు.
రీఛార్జి కార్డు వంగింది, వెదురు పుల్ల విరిగింది.
ఆవిడ సంచిలోంచి లేసు అల్లే కొక్కెం సూది తీసి
"ఇదిగో, దీంతో చూడు" అంది.
రేకు అంచు టప్పున లేచింది,
ఉడికిన గుల్ల నోరు తెరిచినట్టు.

ఉప్పుగాలి తిన్న స్క్రూలు.
ఉబ్బిన బ్యాటరీ.
నీలం రబ్బరు తొడుక్కున్న అగ్గిపెట్టెంత డిస్కు,
దాన్ని పట్టుకుని ఒక సన్నటి రిబ్బను.
అది తెగితే ఇక అంతే సంగతులు.
ఊపిరి బిగబట్టి లాగాను.
ఆవిడా బిగబట్టింది.

రాత్రంతా కంప్యూటరుకి కట్టి కాపీ పెట్టాను.
పేర్లన్నీ ప్రశ్నార్థకాలూ ఖాళీ గళ్ళూ.
కాసేపు నడిచేది, కాసేపు మొరాయించేది,
బల్ల ఫ్యాను ఇటు తిప్పితే మళ్ళీ కదిలేది.
మొదటి పంటు హారనేసే వేళకి
ఎనిమిది వందల పన్నెండు దక్కాయి.
తొమ్మిది పోయాయి.

ఏ తొమ్మిది అని
వారం తర్వాత వచ్చి అడిగింది.
ఎలా చెప్పను?
"పేర్లు నాకు మాత్రం తెలుసా ఏంటి,
వింటే తెలుస్తాది" అంది.

డిస్కున్న చోట ఇప్పుడు చిన్న పచ్చ పలక,
పలక మీద బొటనవేలి గోరంత కార్డు.
పాటలన్నీ పోసినా
మూల నాలుగు కుంచాలు పోసిన గాదెలా
మిగతాదంతా ఖాళీ.
"నింపమంటారా? కొత్తవీ, పాతవీ, మీ చర్చి పాటలూ?"
"ఉండనీ. దాని జాగా దానికుండనీ."

చేతిలో తూచింది.
చెవి దగ్గర పెట్టి ఊపింది, కొబ్బరికాయలో నీళ్ళు చూసినట్టు.
"బరువు తగ్గిందేంటి?
ఇదివరకు పాటకి ముందు చేతిలో
ఇంగిలాయిలా వణికేది కదా.
లోపల ఏదీ తిరగట్లేదా?"
"తిరగదండి. తిరిగేది తీసేశాను."
"తిరక్కుండా పాటెలా వస్తాది?"

చెప్పబోయాను. నోట్లోనే ఆగింది.
రైసుమిల్లు, రొయ్యల చెరువులో ఏరేటరు, పంటు ఇంజను,
ఈ వారలో తిరక్కుండా పనిచేసేదేదీ
నాకూ గుర్తు రాలేదు.

ఆవిడే అంది:
"పోన్లే. నేను తిరిగినన్నాళ్ళు తిరిగాను.
కువైట్, మస్కట్, మళ్ళీ కువైట్.
దీన్నైనా ఓ చోట కూచుని పాడుకోనీ."

పద్దెనిమిది వందలంటే
పదిహేను వందలిచ్చి, మిగతాదానికి
ఎండు మెత్తళ్ళ పొట్లం పెట్టింది. బల్లంతా వాసన.
పాత డిస్కు పారేస్తానన్నా వినలేదు,
దారపుండ పక్కన సంచిలో వేసుకుంది.

పంటెక్కి, రెయిలింగుకి ఆనుకుని
తెల్ల వైర్లు చెవుల్లో పెట్టుకుంది.
సఖినేటిపల్లి కేసి ముక్కు తిప్పడానికి
పంటు నీళ్ళల్లో మెల్లగా తిరిగింది.
నావైపొచ్చినప్పుడు చూశాను:
కదలని ఆ చక్రం మీద
ఆవిడ బొటనవేలు తిరుగుతోంది.
ఒక పాట దగ్గర ఆగుతోంది, వింటోంది,
తల అడ్డంగా ఊపి
మళ్ళీ తిరుగుతోంది.