రెండు చేతులా గాజు

ఫోను మోగేది ఎప్పుడూ అప్పుడే:
నిచ్చెన మీద ఏడో మెట్టున ఉన్నప్పుడు,
రెండు చేతులా గాజు ఉన్నప్పుడు,
స్వాన్సీ గాలి ఆ గాజుని తెరచాప అనుకుని
నన్ను సముద్రంలోకి లాక్కుపోదామని చూస్తున్నప్పుడు.

ఎత్తకపోతే?
ఎత్తకపోతే, అది రాత్రి వంటింటి కిటికీ పగిలి
చంటిపిల్లతో చలిలో నిలబడ్డ మనిషి అయ్యుండొచ్చు.
అందుకే దిగుతాను. గాజుని దుప్పటి మీద గోడకి వాల్చి
చేతితొడుగు పళ్ళతో లాగి
"ప్రోబర్ట్ గ్లేజింగ్" అంటాను, ఆయాసంతో.
"గుడ్ మార్నింగ్ ఇద్వాల్! ఎలా ఉన్నారివాళ?"

అంతే, తెలిసిపోతుంది.
కిటికీ పగిలినవాడెవడూ
నేనెలా ఉన్నానని అడగడు.

బడిపిల్లల రోడ్డు భద్రత పుస్తకం.
ఆసుపత్రి గోడ క్యాలెండరు.
మీ వీధిలో మీ పనికి మీరొక్కరేనట, అదృష్టవంతులట,
పావు పేజీ ఒక్కటే మిగిలిందట.
పదకొండేళ్ళుగా ఆ పావు పేజీ ఒక్కటే మిగులుతోంది.

ఒకసారి కొన్నాను. దాచడమెందుకు.
లైఫ్‌బోటు వాళ్ళ డైరీ అన్నారు.
మా చిన్నాన్న ఆ పడవ మీద పనిచేసినవాడు,
నోరు రాలేదు కాదనడానికి.
నూట ఎనభై పౌండ్లు.
జనవరి డైరీ మార్చిలో వచ్చింది,
నా పేరు కళ్ళజోళ్ళ వాళ్ళ వరసలో.
అద్దాలంటే అద్దాలే కదా అనుకున్నారు కాబోలు.
ఆ వేసవంతా ముసలమ్మల ఫోన్లు,
దగ్గరి చూపు, దూరపు చూపు.
వాళ్ళలో మిసెస్ గ్విలిమ్‌కి మాత్రం
వెనక తలుపు అద్దం కూడా బీటలిచ్చి ఉంది.
వేసి వచ్చాను. అరవై పౌండ్లు, రెండు కేకు ముక్కలు.
మిగతా నూట ఇరవై ఇంకా సముద్రంలోనే ఉంది.

"నువ్వు పచ్చి పుట్టీవి," అంటుంది నెరిస్, లెక్కలు చూస్తూ,
"ఎవడి బొటనవేలైనా దిగబడుతుంది."
బావమరిది గెథిన్ తిట్టమన్నాడు.
తిట్టి చూశాను.
తిట్టిన రోజున కోత వంకర పోతుంది,
సాయంత్రం దాకా చెయ్యి నా మాట వినదు.

నిరుడు నవంబరులో, వానకి పని ఆగి
వ్యానులో టీ తాగుతుంటే మోగింది.
ఒక కుర్రాడు. ఊపిరి తీసుకోకుండా పావు పేజీ దాకా వచ్చేశాడు.
నాకేం తోచిందో,
"మీ ఆఫీసుకి కిటికీలెన్ని?" అన్నాను.

కాగితం తిరగేసిన చప్పుడు.
ఆ ప్రశ్నకి జవాబు అందులో రాసి లేదు.
"ఒకటుందండీ... సరిగ్గా మూసుకోదు. నా వీపు దానికే."
చెక్కదా, అల్యూమినియమా? పగులు ఏ మూల?
లేచి వెళ్ళాడు. జానతో కొలుస్తున్నట్టు విన్నాను,
ఒకటి, రెండు, మూడు జానలా బెత్తెడు వెడల్పు,
పొడుగు చెప్పేలోగా వెనక ఎవరో కేకేశారు.
వాడి గొంతు మళ్ళీ కాగితంలోకి దూరింది.
"పావు పేజీ, సర్..."
"వద్దు బాబూ."
"సరే సర్."

ఇప్పుడు అందర్నీ అడుగుతాను.
ఆ లైఫ్‌బోటు డైరీలోనే రాసుకుంటాను, ఖాళీ తారీఖుల్లో:
లీడ్స్, కిటికీ లేదు.
ఊరు చెప్పలేదు, ఉంది, రంగు పూసేశారు.
గ్లాస్గో, ఉంది, బయట పావురం.
ఒకామె పకపకా నవ్వి "నాకే అమ్ముతున్నారే!" అంది.
చాలామంది ఠక్కున పెట్టేస్తారు.
అదీ మంచిదే, టీ చల్లారదు.

ఇవాళ పొద్దున మళ్ళీ ఏడో మెట్టు.
జేబులో తొడ మీద కందిరీగలా కొట్టుకుంది.
దిగలేదు. మేకులు దిగ్గొట్టేదాకా మోగనిచ్చాను.
తర్వాత చూస్తే మిసెస్ గ్విలిమ్. ఈసారి ముందు తలుపు.

షెడ్డులో, కోతల్లో మిగిలింది ఒకటుంది,
మూడు జానలా బెత్తెడు వెడల్పు.
వారం వారం దుమ్ము తుడుస్తాను.
ఇదెవరిదని అడిగింది నెరిస్.
కొలత తప్పిన ముక్క అన్నాను.