రిజిస్టర్‌లో తొమ్మిదో పేరు

ఈ దీవికి పశువైద్యుడు ఏడాదికోసారి వస్తాడు,
అదీ రేవు తెరిచి ఉంటే.
ఈసారి చీలోయే పెద్ద దీవి నుంచి మూడుసార్లు బయల్దేరి
మూడుసార్లూ గాలికి జడిసి వెనుదిరిగింది పడవ.
నేను మనుషుల నర్సుని.
నా గదిలో ఉన్నవి ఒక మంచం, పసిపిల్లల తూకం,
కట్టెల పొయ్యి,
లెక్కపెట్టి ఇచ్చిన కుట్లదారం.

దుంపలు మోసే తోపుడుబండి తోసుకుంటూ
వానలో వచ్చాడు ఎలియెసెర్ నాహుయెల్‌కిన్.
గోనెపట్టా కింద ఏదో ఊపిరి తీస్తోంది.
ముందు వాసన వచ్చింది లోపలికి,
తర్వాత ఆయన.

"ఒతీలియా, నీ చేతనవుతుందేమో చూడు."
"నేను కుక్కల డాక్టర్ని కాదు."
"ఆ సంగతి దానికి తెలీదుగా."

పట్టా ఎత్తాను.
చోల్గా. ఇక్కడి రాళ్ళకి అంటుకుని బతికే
ఆల్చిప్ప పేరు పెట్టుకున్న నల్ల కుక్క.
మెడ మీద బొచ్చు లేదు.
మెడ ఉండాల్సిన చోట ఒక ఎర్రటి కాలవ.
కాలవ అడుగున, పడవలు కట్టే
నీలం నైలాను తాడు.

ఎవరూ బిగించలేదు దాన్ని.
పిల్లగా ఉన్నప్పుడు వదులుగానే కట్టాడు,
రెండు వేళ్ళు దూరేంత.
తాడు పెరగలేదు. కుక్క పెరిగింది.
అంతే. ఈ కథలో రాక్షసుడు లేడు.

"రోజూ తిండి పెట్టాను," అన్నాడు.
నిజమే, ఆ గిన్నె నేనెరుగుదును.
చేప తలలు, ఉడికిన దుంపలు, ఒక్క పూట తప్పలేదు.
ఏడాదిన్నర పాటు వంగి గిన్నెనే చూశాడు మనిషి.

నాలుక చివరిదాకా వచ్చింది మాట.
మింగేశాను.
నిరుడు నా పిల్లి తిండి మానేస్తే
ముసలిదైంది, అలిగింది అనుకున్నాను.
పోయాక పాతిపెట్టేటప్పుడు నోరు తెరుచుకుంది.
పళ్ళు ఎన్నాళ్ళ నుంచి కుళ్ళాయో
నర్సునైన నాకే తెలీదు.

కొండ మీదికెక్కితే ఫోను పలుకుతుంది.
పట్నంలో పశువుల డాక్టరమ్మ
బరువెంతని అడిగింది.
పసిపిల్లల తూకంలో పడుకోబెట్టాం,
నాలుగు కాళ్ళూ బయటికి వేలాడుతుంటే.
పద్నాలుగు కిలోలు.
మళ్ళీ కొండెక్కి చెప్పాను, మత్తు ఎంతో రాసుకుని దిగాను.

తాడు కోస్తుంటే అది కరవలేదు.
కరిస్తే బాగుండు అనిపించింది.
ఎలియెసెర్ దాని తల పట్టుకుని
రేపు గాలి ఎటు తిరుగుతుందో చెబుతూనే ఉన్నాడు,
నాకో, కుక్కకో, గోడకో.
తర్వాత మాట ఆగి, లెక్క మొదలైంది:
ఏడు. ఎనిమిది. తొమ్మిది.
పదకొండో కుట్టు దగ్గర దారం అయిపోయింది.

తీసిన తాడుని అలవాటు చొప్పున జేబులో పెట్టుకోబోయాడు,
దేనికైనా పనికొస్తుందని.
ఆగాడు.
పొయ్యిలో పడేశాడు.
నైలాను కాలిన కంపు వారం రోజులు పోలేదు,
జ్వరాలతో వచ్చిన వాళ్ళంతా ముక్కు మూసుకున్నారు.

దారానికి లెక్క చెప్పాలి కదా.
ఆ రోజు రిజిస్టర్‌లో తొమ్మిదో పేరు:
చోల్గా నాహుయెల్‌కిన్. ఆడ.
వయసు ఒకటిన్నర.
మెడకి గాయం, పదకొండు కుట్లు.

నవంబరులో పడవ వచ్చింది.
నాలుగు గంటలు ఆగింది, రేవులో అరవై కుక్కలు.
పోటు తగ్గేలోగా ఇరవైరెండింటిని చూసి
డాక్టరు చేతులు కడుక్కున్నాడు.
మిగిలినవి గొలుసులు ఈడ్చుకుంటూ ఇళ్ళకి నడిచాయి.

అదే పడవలో దిగింది తనిఖీ అధికారిణి,
రిజిస్టర్ తిప్పుతూ తొమ్మిదో పేరు దగ్గర వేలు ఆపింది.
"ఏడాదిన్నర పసికందు. మెడకి పదకొండు కుట్లు.
తల్లిదండ్రుల మీద ఫిర్యాదు ఎందుకు చేయలేదు?"

కిటికీలోంచి కనిపిస్తోంది,
ఎలియెసెర్ కంచె కడుతున్నాడు.
మెడ ఒకవైపే తిరిగే నల్ల కుక్క
మేకుల డబ్బా పక్కన కూర్చుంది.

ఫిర్యాదు ఎవరి మీద రాయాలో
నాకింకా తేలలేదు, మేడమ్.
ఆ గడి ఖాళీగానే ఉంచాను.
ఈలోగా ఎవరింటికి సూది వేయడానికి వెళ్ళినా
ముందు వాకిట్లో వంగుతున్నాను.
కట్టేసిన ప్రతి మెడ కింద
రెండు వేళ్ళు పెట్టి చూస్తున్నాను.