కమేలియాకి సున్నం

ఎలాదియో, నువ్వు చేసింది ప్రేమతోనే.
ఆ మాట ముందే చెప్పి మొదలుపెడతాను,
లేకపోతే మధ్యలో నీకు కోపమొస్తుంది.

తుంటి ఎముక అతికించుకుని
నలభై రోజుల తర్వాత, మే నెలలో
నేను ఇంటికొచ్చేసరికి
కమేలియా మొదలు చుట్టూ
తెల్లగా, నీలంగా, మెరుస్తూ ఒక వలయం.
ఆల్చిప్పలు.
ముప్పై ఆరేళ్లు అరోసా ఖాతంలో
చెక్క తెప్పల కింద తాళ్లకు పెంచి,
వాటి వాసన చొక్కాలో, మంచంలో,
చివరికి రొట్టెలో కూడా నాకు తినిపించిన
ఆ నల్ల ఆల్చిప్పల్నే
సుత్తితో పొడిచేసి జానెడు మందాన పరిచావు.
"దుప్పటి కప్పాను, దోరిందా" అన్నావు.
చేతికర్ర మీద బరువేసి నవ్వాను.
నవ్వాలి కదా.

కమేలియాకి సున్నం గిట్టదు.
తేయాకుకి చుట్టం అది, పుల్లటి నేల కావాలి,
పైన్ అడవి కింద మన్నులాంటిది.
నాకు తెలుసు.
మా అమ్మ పెద్ద బంగళాలో దుప్పట్లు ఉతికే రోజుల్లో
యజమానురాలికి తెలియకుండా ఒక కొమ్మ తుంచి
తడిగుడ్డలో చుట్టి, రవికలో దాచి తెచ్చింది.
దొంగతనం తప్పమ్మా అంటే
"వానకి యజమాని ఎవరే?" అనేది.
కొమ్మకీ వానకీ పొత్తేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

తెలిసీ చెప్పలేదు.
మే, జూన్, జూలై.
నీ వలయం వానకి కరిగి కరిగి లోపలికి దిగుతుంటే
కిటికీ దగ్గర కూర్చుని బఠానీలు ఒలిచాను.
నాకు స్నానం చేయించిన చేతులు కదా పరిచింది,
ఏమని చెప్పను?

ఆగస్టులో ఆకులే చెప్పేశాయి.
ఈనెలు ఆకుపచ్చగానే, మధ్యంతా పసుపు,
కామెర్లొచ్చిన పిల్లాడి కళ్లలా.
నువ్వు ఒక ఆకు తెంపి వెలుగుకి పట్టి చూశావు.
"నీకు ముందే తెలుసు" అన్నావు.
ప్రశ్న కాదది.
ఆ రాత్రి అన్నం చల్లారాక తిన్నాం.

మర్నాడు మోకాళ్ల మీద నువ్వు,
కర్రతో చూపిస్తూ నేను.
పార వద్దు, వేళ్లు చాలు.
దాని వేరు లోతుకి పోదు,
పైపైనే, దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్లా ఉంటుంది.
ఒక్కో చిప్పముక్కా ఏరావు. నాలుగు రోజులు.
కొన్నింటి లోపల ఆకాశం రంగు ఇంకా అలాగే ఉంది.
వాటిని నా ఒడిలో వేశావు,
మాట్లాడకుండానే.

గోనెసంచులు క్యాబేజీ మడికి పోయాయి.
ఒకరి కంట్లో సున్నమే
ఇంకొకరి కంట్లో వెన్న.
మన క్యాబేజీలు ఆ ఏడు చూడాలి,
సిగ్గులేకుండా బలిసిపోయాయి.

చెట్టు చుట్టూ పైన్ సూదులు పోశాం,
మొదలుకి తగలకుండా, బెత్తెడు దూరంలో.
ఎండ ముదిరిన సాయంత్రాలు
పీపాలో పట్టిన వాననీళ్లు మోశావు.
ఇప్పుడు దాహంతో వదిలేస్తే
ఇప్పుడేమీ అనదు,
జనవరిలో మొగ్గలన్నీ నేలమీద పడేస్తుంది.
నాలాంటిదే అన్నావు.
విననట్టు ఊరుకున్నాను.

సెప్టెంబరులో జంటమొగ్గలు.
ఒకటి మెలితిప్పి తీసేయాలి, రెండోది పెద్దగా పూస్తుంది.
ఇరుకైతే ఆల్చిప్పల్ని నువ్వు
విడదీసి కొత్త తాడుకి మార్చేవాడివి,
పారేయడం నీకు రాదు.
తీసిన మొగ్గలన్నీ గ్లాసు నీళ్లలో నిలబెట్టావు
వంటింటి గట్టు మీద.
పూయవని చెప్పాను. ఈసారి వెంటనే చెప్పాను.
"ఉండనీ" అన్నావు.
పదో రోజుకి గోధుమరంగు తిరిగాయి.
పదిహేనో రోజున నువ్వే పారబోశావు.

ఫిబ్రవరి. గాలి, వాన, మళ్లీ గాలి.
చెట్టంతా కలిపి పదకొండు పూలు.
మామూలుగా లెక్కపెట్టం.
కొత్త ఆకుల్లో పసుపు లేదు, పాతవి అలాగే ఉన్నాయి,
అవి ఇక మారవు, రాలేదాకా అంతే.
రాలిన పువ్వుని ఏ రోజుకారోజు ఏరాలి,
రేకుల తెగులు నేలలో నిద్రపోతుంది.
వంగలేను కాబట్టి నువ్వే ఏరుతున్నావు,
పాత చేపల బుట్టలోకి.

ఇందాక తలుపు తీసి చూస్తే
తడిసిన టోపీతో చెట్టు కింద నిలబడి
ఏదో అడుగుతున్నావు దాన్ని.
నన్ను చూసి ఆపేశావు.
అడుగు, ఎలాదియో.
అది ఆగస్టులో గానీ జవాబివ్వదు.