దగ్గేదాకా

అక్టోబరులో మా నార్త్ కరొలైనా ఇసక నేలంతా
చిలగడదుంపలే, బూట్లలో కూడా వాటి మన్నే.

వెర్లీన్ వంటల నోటుపుస్తకం, నూనె మరకల పేజీ:
"వేలి మందాన కొయ్యి. చన్నీళ్ళలో గంటసేపు.
తడి ఒత్తి, మొక్కజొన్న పిండి పట్టించు.
రేకు మీద ఇరికించకు, ఒకదాన్నొకటి తాకితే మెత్తబడి చస్తాయి.
చక్కెర ఆఖర్న.
కారం: ఒడెల్ దగ్గేదాకా."

నలభై ఏళ్ళు నా గొంతే ఆవిడ కొలత చెంచా అట!
ఇవాళే తెలిసింది నాకు.

మొన్నటి జ్వరం పోతూ పోతూ
ఆవిడ నాలుక మీది రుచులన్నీ మూటగట్టుకుపోయింది.
కాఫీ ఉట్టి వేన్నీళ్ళు,
పీచ్ పండు తడిసిన దూది.

మొదటి వాయి మాడ్చాను.
కుక్క వాసన చూసి, మర్యాదగా పక్కకి తప్పుకుంది.
రెండోది అంచుల దగ్గర కరకరలాడింది.

ఒకటి కొరికింది.
"తీపి?"
తల అడ్డంగా ఊపింది.
కారం చల్లాను.
మళ్ళీ చల్లాను.
డబ్బా అడుగు తట్టి మరీ చల్లాను.

దగ్గింది!
ముక్కు, కళ్ళు ఏకమయ్యేలా దగ్గి,
"చంపుతావా ముసలాడా" అని
పళ్ళెం తన వైపు లాక్కుంది.

నోటుపుస్తకం ఇంకా తెరిచే ఉంది.
పెన్సిలు ఎక్కడ పెట్టానో.